టిక్కు పెట్టేవాళ్లని తిట్టకండి

కొండలెక్కి లిస్టులో టిక్కులు పెట్టుకునేవాళ్లంటే చాలామందికి చులకన. "ప్రకృతిని ప్రేమించేవాడు లెక్కపెడతాడా?" అని మా హాస్టల్లో ఒక రాత్రంతా వాదన నడిచింది. నేను మాత్రం లెక్కపెట్టేవాళ్ల పక్షమే.

ఈ పిచ్చికి పుట్టిల్లు స్కాట్లాండ్. 1891లో సర్ హ్యూ మన్రో అనే ఆయన అక్కడ 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండలకి లిస్టు వేశాడు. అప్పట్నుంచి వాటి పేరే మన్రోలు. ఇప్పటి లెక్క 282. పాపం, లిస్టు వేసినాయన అన్నీ ఎక్కకుండానే 1919లో పోయాడు. 2012లో ఒక కొండని లిస్టులోంచి తీసేశారు. మళ్లీ కొలిస్తే 913.96 మీటర్లే వచ్చిందట! అర మీటరు కూడా లేదు తేడా. ఇఫ్ కండిషన్ ఫెయిల్, అంతే.

నవ్వొస్తుంది, నిజమే. కానీ లిస్టు లేకపోతే అందరూ వెళ్లేది బెన్ నెవిస్‌కే. అది 1,345 మీటర్లు, బ్రిటన్ మొత్తానికీ ఎత్తైనది, ఫొటోకి బాగుంటుంది. మిగతా 281 కొండలకి, అదీ వానలో, మంచులో, మనిషిని తోలేది ఆ లిస్టే. జంతువులు కనిపించేది కూడా అలాంటి జనం లేని కొండల మీదే.

కెయిర్న్‌గార్మ్స్ అనే కొండల్లో టార్మిగన్ అనే పక్షి ఉంటుంది (స్పెల్లింగ్‌లో ముందు ఒక 'పీ' ఉంటుంది, పలకరు. ఇంగ్లిష్ మీడియంలో చదివి ఏం లాభం). ఎండాకాలం రాళ్ల రంగులో ఉంటుంది, చలికాలం తెల్లగా అయిపోతుంది. కాళ్ల వేళ్ల మీద కూడా ఈకలే. అక్కడి కొండ కుందేలూ అంతే, చలికాలానికి తెల్లబడుతుంది. చిక్కేంటంటే, దానికి రంగు మారమని చెప్పేది ముఖ్యంగా పగటి పొడవు, మంచు కాదు. ఇప్పుడు మంచు తగ్గిపోతోంది. గోధుమరంగు నేల మీద తెల్లటి కుందేలు కూర్చుంటే గద్దకి దూరం నుంచే కనిపిస్తుంది. ఈ సంగతి నెట్‌లో చదవడం వేరు, ఫిబ్రవరిలో పైకి నడిచి ఆ తెల్లటి చుక్కని కళ్లతో చూడటం వేరు.

అవతలి పక్షానికి గట్టి సాక్షి నాన్ షెపర్డ్. అవే కెయిర్న్‌గార్మ్స్‌లో జీవితమంతా నడిచి 'ది లివింగ్ మౌంటెన్' రాసింది. శిఖరం ముఖ్యం కాదు, కొండలోకి వెళ్లాలి అంటుంది. 1940లలో రాసిన పుస్తకం 1977 దాకా అచ్చు కాలేదు. ఆమె మాట కాదనను. కానీ ఆమె ఇంటి దగ్గరే కొండలున్నాయి. మనలాంటివాళ్లని కుర్చీలోంచి లేపడానికి ఏదో ఒక సాకు కావాలి కదా.

మన దగ్గర చూడండి. వీకెండ్ వస్తే అందరం వంజంగికే. సూర్యోదయం, మబ్బులు, రీలు, చిప్స్ ప్యాకెట్, కిందకి. తూర్పు కనుమల్లో ఇంకెన్ని కొండలున్నాయో మనలో ఎవరికీ తెలీదు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే చాలావరకు ఎక్కడైనా నడవొచ్చు. ఇక్కడ రిజర్వ్ ఫారెస్ట్‌లో పర్మిషన్ ఉండాలి, ఎలుగుబంట్లు ఉన్నచోట అది ఉండాల్సిందే. అందుకే అందరూ వెళ్లదగ్గ చిన్న కొండలతోనే మన క్లబ్ ఒక షీట్ మొదలుపెట్టాలని నా ప్రతిపాదన. పేరు, ఎత్తు, తేదీ, వాటి పక్కన ఇంకో కాలమ్: ఏం కనిపించింది? పిట్టో, తొండో, ఏదైనా సరే. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే టిక్కు చెల్లదు.