ఫొటోలో లేని పిల్లలు

సంక్రాంతి సెలవులు వస్తే హైస్కూళ్ళలో పూర్వ విద్యార్థుల కలయికలు ఆనవాయితీ అయ్యాయి. మాస్టార్లకు శాలువాలు, భోజనాలు, గ్రూపు ఫొటో. ముచ్చటే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదో తరగతి పరీక్ష రాసినవారు కలుసుకుంటే, చెప్పుకోవడానికి బడి కబుర్లు ఎన్ని ఉంటాయి?

వారి ఎనిమిదో తరగతి చివర, 2020 మార్చిలో, కరోనాతో బడి మూతపడింది. పరీక్ష లేకుండానే తొమ్మిదికి పంపారు. నవంబరు దాకా తలుపులు తెరవలేదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. టీవీ ఉండి, కరెంటూ ఉంటే చూశారు. లేనివారు మిరప కోతలకు, పత్తి తీతలకు పోయారు. 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూత. ఆగస్టు 16న బడి తెరిస్తే, మరుసటి ఏప్రిల్ 27న పబ్లిక్ పరీక్ష!

ఉత్తీర్ణత 67.26 శాతం. 2019లో అది 94.88. మూడేళ్ళలో పిల్లల తెలివి తరిగిపోయిందా? రెండు లక్షల మందికి పైగా తప్పితే నేరం పిల్లలమీదే మోపడం అన్యాయం. సప్లిమెంటరీలో చాలామంది గట్టెక్కారు. గట్టెక్కనివారిలో ఒకరు ట్రాక్టరు తోలుతున్నారు, ఒకరు తాపీ పనికి పోతున్నారు. కొందరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళే అయిపోయాయి. తప్పామన్న నామోషీతో వారు కలయికలకు రారు. పిలిచేవారూ తక్కువే.

శాలువాల ఖర్చు కొంత తగ్గించుకుంటే ఒకరిద్దరికి ఓపెన్ స్కూలు ఫీజు కట్టవచ్చు. పేర్లన్నీ బడి రిజిస్టరులో ఉన్నాయి. ఈసారి పిలుపులు ఫోను గ్రూపు చూసి కాక, ఆ రిజిస్టరు చూసి పంపాలి.