గేటు దాటని ఉపన్యాసం

కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువులోకి 2018 జూన్‌లో బెంగళూరు నుంచి నీళ్లొచ్చాయి. నగరం వాడి వదిలిన మురుగును శుద్ధి చేసి పైపుల్లో పంపిన నీళ్లవి. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం అని కాగితాల మీద పేరు. జనం నోట్లో మాత్రం కేసీ వ్యాలీ. రోజుకు 44 కోట్ల లీటర్లు తెచ్చి 126 చెరువులు నింపాలన్నది అప్పటి లెక్క. ఏళ్ల తరబడి ఎండి తుమ్మచెట్లు మొలిచిన చెరువులో నీళ్లు కనబడితే సంతోషించని రైతు ఉంటాడా? అయితే మరుసటి నెలలోనే చెరువు మీద నురుగు తేలింది. సంగతి హైకోర్టుకెక్కింది. 2019లో సుప్రీంకోర్టు దాకా పోయింది. రెండో దశ శుద్ధితో ఆపేస్తే ఎట్లా, మూడో దశ కూడా చేసి పంపండి అని రైతు సంఘాలు అడుగుతూ వచ్చాయి. ఇవి తాగే నీళ్లు కావు, నేరుగా పొలానికి కట్టుకునే నీళ్లూ కావు, భూమిలోకి ఇంకి బోర్లు బతకడానికే అని అధికారులు చెబుతూ వచ్చారు.

ఇంతకీ ఆ బోరు నీళ్లు మంచివేనా? ఆవు తాగొచ్చా? ఆ నీటితో పండిన ఆకుకూర పిల్లలకు పెట్టొచ్చా? ఇవి రాజకీయ నాయకుడు తేల్చే ప్రశ్నలు కావు. నీటిని సీసాల్లో పట్టి, ప్రయోగశాలకు తీసుకుపోయి, నెలల తరబడి లెక్కలు రాసుకునేవారు తేల్చాల్సినవి. అట్లాంటి పని జరగలేదని ఎవరూ అనలేరు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులే ఈ చెరువుల చుట్టూ భూగర్భ జలాల మీద అధ్యయనం చేశారు. నీటి నాణ్యత మీద వేరే పరిశోధకులు వేరే కోణంలోనూ చూశారు. జరగనిది మరొకటి ఉంది. నీళ్లు తీసిన ఊరికి తిరిగి వచ్చి, రచ్చకట్ట మీద కూచుని, మీ నీళ్లలో ఇది కనబడింది, ఇది ఇంకా మాకూ తేలలేదు అని చెప్పడం రివాజుగా మారలేదు.

ఫలితాలు చెప్పే చోటు వేరే ఉంది. విశ్వవిద్యాలయంలో సెమినార్ హాలు. ప్రొజెక్టర్, ఇంగ్లిష్ స్లైడ్లు, మధ్యలో టీ, బిస్కెట్లు. నోటీసు శాఖ బోర్డు మీద ఉంటుంది, లేకపోతే అధ్యాపకుల ఫోన్లలో తిరుగుతుంది. అందులో 'అందరికీ ఆహ్వానం' అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. ఆ 'అందరూ' ఎవరన్నదే ఇక్కడ ప్రశ్న. సాయంత్రం 4 గంటలకు జ్ఞానభారతిలో ఉపన్యాసమంటే, వంద కిలోమీటర్ల దూరంలోని బాగేపల్లి నుంచి వచ్చేవాడు పొద్దున్నే బయల్దేరాలి, తిరిగి ఊరు చేరేసరికి అర్ధరాత్రి. ఆ రోజు కూలీ పోయినట్టే. ఇన్ని పడి వచ్చినా వినేది తనకు రాని భాషలో.

నిబంధనలు చూస్తే తలుపులు మూసి ఉన్నట్టేమీ కనబడదు. పరిశోధక విద్యార్థి సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు ఇచ్చే ప్రసంగం అధ్యాపకులకూ, తోటి పరిశోధకులకూ తెరిచి ఉండవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లోనే చెప్పింది. 2016 నాటి నిబంధనలు మరో అడుగు ముందుకేసి, మౌఖిక పరీక్షకు ఆసక్తి ఉన్న ఇతర నిపుణులూ రావచ్చన్నాయి. ముప్పై ఏళ్లుగా ఒకే చెరువు కింద మడి చేస్తున్న రైతు ఆ చెరువు విషయంలో నిపుణుడా, కాదా? నిబంధన రాసినవారికి ఈ అనుమానం వచ్చి ఉండదు. అంతకు ఎంతో ముందు, 1977లోనే, ఆ సంఘమే బోధన, పరిశోధన తర్వాత మూడో బాధ్యతగా విస్తరణ సేవను గుర్తించింది. ఇవాళ ఆ మూడో బాధ్యత న్యాక్ బృందం వచ్చినప్పుడు చూపించే ఫొటోల ఆల్బమ్‌గా మిగిలిన చోట్లే ఎక్కువ.

ధర్మనిధి ఉపన్యాసాల సంగతీ అంతే. ఒక తండ్రి కొడుకు పేరు మీదనో, ఒక శిష్యుడు గురువు పేరు మీదనో కొంత సొమ్ము విశ్వవిద్యాలయంలో జమ చేస్తాడు. దాని వడ్డీతో ఏటా ఒక పండితుణ్ణి పిలిచి మాట్లాడించాలన్నది షరతు. వడ్డీ రేట్లు పడిపోయాక ఆ డబ్బు వక్త రైలు చార్జీకే చాలడం కష్టమవుతుంది. దాంతో రెండేళ్లవి కలిపి ఒకే పూట కానిచ్చేస్తారు. తరగతులు ఆపి కూచోబెట్టిన విద్యార్థులే శ్రోతలు. దాత ఆశపడింది ఇది కాదు గదా.

ఈ నేల మీద ఇంతకంటే మంచి పద్ధతి ఒకప్పుడు నడిచింది. మైసూరు విశ్వవిద్యాలయం 1916లో పుట్టింది. 1930లలోనే అక్కడి అధ్యాపకులు కన్నడంలో ప్రచారోపన్యాసాలు మొదలుపెట్టారు. తాలూకా కేంద్రాలకు, పల్లెలకు వెళ్లి నక్షత్రాల గురించి, రోగాల గురించి, చరిత్ర గురించి మాట్లాడేవారు. తర్వాత ఆ మాటల్నే చిన్న పుస్తకాలుగా వేసి చవగ్గా అమ్మేవారు. 1956 నుంచి 1960 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కువెంపు ఈ పనికి 'ప్రసారాంగం' పేరుతో గట్టి పునాది వేశారు. శాస్త్రం కన్నడంలో పలకదని వాదించినవారికి ఆ చిన్న పుస్తకాలే జవాబు.

ఆ మైసూరులోనే, మహారాజా కళాశాలలో, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1912 నుంచి దాదాపు నలభై ఏళ్లు తెలుగు చెప్పారు. అనంతపురం జిల్లావాడు, కన్నడ దేశంలో ఉద్యోగం. ఆయన 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరఫున వేమన మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. మరుసటి ఏడు అవే పుస్తకంగా వచ్చాయి. అప్పటిదాకా పండితులు వేమనను కవుల పంక్తిలో కూచోబెట్టడానికి వెనకాడేవారు. బిచ్చగాళ్ల నోటా పశువుల కాపరుల నోటా ఉన్న పద్యాలకు విశ్వవిద్యాలయ వేదిక దొరకడం మామూలు మార్పు కాదు. ఇవాళ్టికీ వేమన మీద రాసేవారు ఆ పుస్తకం దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు. ఒక ఉపన్యాసం అంత పని చేయగలదు.

బెంగళూరుకు ఇంతకంటే పెద్ద ఉదాహరణే ఉంది. కలకత్తాలో 1928 ఫిబ్రవరి 28న కనిపెట్టిన కొత్త వెలుగు సంగతిని సర్ సి.వి.రామన్ వివరంగా చెప్పింది ఎక్కడ? మార్చి 16న బెంగళూరులో, దక్షిణ భారత విజ్ఞాన సంఘం సభలో. రెండేళ్ల తర్వాత నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పరిశోధన అది. అదే నగరంలో 1962లో నేషనల్ కాలేజీ ప్రిన్సిపాల్ హెచ్.నరసింహయ్య బెంగళూరు సైన్స్ ఫోరం ప్రారంభించారు. బుధవారం బుధవారం సైన్స్ ఉపన్యాసం, టికెట్ లేదు, ఎవరైనా వచ్చి కూచోవచ్చు. ఆయన తర్వాత 1970లలో బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పుట్టింది గౌరీబిదనూరు తాలూకా హోసూరులో. హిందూపురానికి పొరుగున, సంతలో తెలుగు, ఆఫీసులో కన్నడం నడిచే సీమ అది. చదువు కోసం అక్కడినుంచి బెంగళూరుకు కాలినడకన వచ్చిన మనిషి. జనం రారు అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కుర్చీలు వేసి, వక్తను పిలిచి, వారం తప్పకుండా తలుపు తీసి ఉంచారు.

మరి ఆయన పుట్టిన తాలూకాల వైపు ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుంది? కోలారు బంగారు గనుల ఉదంతమే చూడండి. 1965లో ఆ గనిలో, నేలకింద దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున, ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాలవారితో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. అదే ఏడు దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందం ఇదే పని చేసింది. అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా దొరకని జాడ అది. న్యూట్రినోలను తప్ప మిగతా కణాలను ఆపేసే మందపాటి రాయి కావలసి వచ్చి వాళ్లు కేజీఎఫ్‌ను వెతుక్కుంటూ వచ్చారు. ఆ రాయిని తొలిచింది తమిళం, తెలుగు మాట్లాడే గని కార్మికుల చేతులు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇవాళ రాబర్ట్‌సన్‌పేటలో ఆ కార్మికుల మనవలను అడిగితే బంగారం కథ చెబుతారు, మూసివేత కథ చెబుతారు. న్యూట్రినో కథ చెప్పగలిగేవారు అరుదు. తమ తాతలు దిగిన సొరంగం భౌతికశాస్త్ర పుస్తకాల్లో ఉందని తెలిస్తే, పదో తరగతితో చదువు మానేయాలనుకునే కుర్రాడు ఇంకోసారి ఆలోచిస్తాడేమో. ఆ సంగతి ఊరి హైస్కూల్లో చెప్పడానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

చెబితే మాత్రం అర్థమవుతుందా అని పెదవి విరిచేవారున్నారు. వారు ఒకసారి జీకేవీకే కృషి మేళా చూసి రావాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా జరిపే ఆ మేళాకు కోలారు, చిక్కబళ్లాపుర రైతులు బస్సులు కట్టించుకుని పోతారు. కొత్త రాగి వంగడం ముందు నిలబడి శాస్త్రవేత్తను తిప్పితిప్పి ప్రశ్నలడుగుతారు. తెగులు ఎందుకొస్తుంది, మందు ఎన్నిసార్లు కొట్టాలి, నిరుడు మీరు చెప్పినట్టే చేస్తే ఎందుకు పోయింది. ఇంత గట్టి ప్రశ్నలు ఏసీ హాల్లో ఎన్ని వినబడతాయి? అర్థం కావడం, కాకపోవడం విషయాన్ని బట్టి కాదు, చెప్పే తీరును బట్టి, భాషను బట్టి ఉంటుంది.

భాష దగ్గర కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. కర్ణాటకలో కన్నడం, ఉర్దూ తర్వాత ఎక్కువమంది ఇంటి భాష తెలుగేనని 2011 జనగణన చెప్పింది. అంతమాత్రాన ఉపన్యాసాలన్నీ తెలుగులో పెట్టమని అడగడం సబబు కాదు. ఇక్కడ రాజభాష కన్నడం. సరిహద్దు తాలూకాల తెలుగువాడు కన్నడంలో చదివి, కన్నడంలో అర్జీ రాసుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాడు. అతనికి రెండూ వచ్చు, రానిది ఇంగ్లిషే. ఉపన్యాసం కన్నడంలో సాగి, ప్రశ్నల వేళ ముసలమ్మ తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పగల మనిషి ఒకరు వేదిక మీద ఉంటే చాలు. అట్లాంటివారిని వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. కైవార తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన సీమ ఇది.

తప్పంతా విశ్వవిద్యాలయాలదేనని అనడమూ న్యాయం కాదు. తెలుగు సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనం పెడతాయి, అష్టావధానం పెడతాయి, శాలువాలు కప్పుతాయి. మంచిదే. కానీ ఇన్నేళ్లలో ఒక భూగర్భ జల శాస్త్రవేత్తను పిలిచిన సంఘాలు ఎన్ని? కోలారు జిల్లా శాసనాల మీద బి.ఎల్.రైస్ 1905లోనే 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదో సంపుటం వేశారు. అందులో తెలుగు శాసనాలూ ఉన్నాయి. మన ఊరి గుడి రాయి మీద ఏముందో వచ్చి చదివి చెప్పండి అని ఏ శాఖకైనా ఉత్తరం రాసిన పంచాయతీ ఉందా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.

బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని 2017లో మూడు చేసినప్పుడు ఉత్తర విశ్వవిద్యాలయం కోలారు దగ్గర టమకకు వచ్చింది. అంటే గేటే మన దగ్గరికి వచ్చింది. పని అక్కడే మొదలుపెట్టవచ్చు. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి, ఒక్కో తాలూకాకు ఏడాదికి రెండు ఉపన్యాసాలు చాలు. జిల్లా మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న ప్రతి విద్యార్థీ ఆ జిల్లాలో ఒక్కసారైనా నిలబడి మాట్లాడాలని షరతు పెట్టవచ్చు. సిద్ధాంత వ్యాసాలు శోధగంగలో ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి నిజమే, కానీ మూడువందల పేజీల ఇంగ్లిష్ ఎవరు చదువుతారు? ఒక్క పేజీ సారాంశం కన్నడంలో, తెలుగులో అచ్చు వేసి పంచితే ఖర్చు ఎంత?

వేళ ఒక్కటి చూసుకోవాలి. కోలారు మార్కెట్‌లో టమాటా వేలం ఉంటుంది, శిడ్లఘట్టలో పట్టుగూళ్ల సంత ఉంటుంది. పొద్దున, సాయంత్రం డెయిరీకి పాలు పోయాలి. ఈ మధ్యలో ఆదివారం 11 గంటలైతే జనానికి తీరిక. నోటీసు శాఖ బోర్డు మీద కాదు, పాల సొసైటీ గోడ మీద అంటించాలి. మొదటి ఉపన్యాసం దేని మీదన్నది ఎవరూ కమిటీ వేసి ఆలోచించనక్కర్లేదు. లక్ష్మీసాగర చెరువు గట్టు మీదే కుర్చీలు వేయించి, ఆ నీటిని పరీక్షించినవారిని పిలవాలి. సగం సేపు వారు మాట్లాడాలి, మిగతా సగం ఊరివారికి వదలాలి.