రాళ్ళకు బీరు మందా?

మా జహీరాబాదులో మూత్రపిండంలో రాయి ఉన్నదని తేలిన మనిషికి వైద్యుని సలహా కంటే ముందు మిత్రుని సలహా అందుతుంది. "రోజూ ఒక బీరు త్రాగు, రాయి కరిగిపోతుంది" అన్నదే ఆ సలహా. మద్యం పేరు వింటే ముఖం చిట్లించే ఇళ్ళలో కూడ ఈ మాటను తప్పుపట్టేవారు తక్కువ. బీరును బార్లీతో చేస్తారు, బార్లీ మూత్రాన్ని జారీ చేస్తుంది, కనుక బీరు మందేనట!

గత సంవత్సరం మా వీధిలోని ఒక ఇల్లాలు భర్త స్కానింగు రిపోర్టు చేతపట్టుకొని మా ఇంటికి వచ్చింది. నేను పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఆయుర్వేద గ్రంథాలు చదివే అలవాటు ఉన్నందున ఇరుగుపొరుగువారు ఇలా వస్తూంటారు. "సార్, పెండ్లయి ఇరవై ఏండ్లాయె, మా ఆయన ఒక్కనాడు ముట్టలేదు. రాయి కోసమని సురువు చేసిండు. ఏడాదయింది. రాయి అట్లనే ఉన్నది, ఒక్క సీసా మాత్రం రెండయింది. మీరన్న చెప్పుండ్రి" అన్నది. పాత రిపోర్టులో ఎడమ మూత్రపిండంలో 7 మిల్లీమీటర్ల రాయి. కొత్త రిపోర్టులోనూ అంతే. అదనంగా చేరినవి కాలి బొటనవ్రేలి వాపు, రక్తంలో పెరిగిన యూరిక్ ఆమ్లం. ఆమెతో చెప్పిన మాటలనే కొంచెం విపులంగా పాఠకుల ముందు ఉంచుతున్నాను.

బీరును నిందించడం నా ఉద్దేశం కాదు. పులియబెట్టే విద్యలో అది ఒక ప్రాచీనమైన శాఖ. మనం రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, దంచి పసిపిల్లలకు జావ కాచి ఇస్తాము కదా! బీరు కూడ అక్కడే మొదలవుతుంది. మొలకెత్తే గింజలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ బార్లీని ఎండబెట్టి, పగులగొట్టి, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో ఉంచితే తీయని రసం దిగుతుంది. అందులో హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు. (ఈ తీగ గంజాయి కుటుంబానికి చెందినదే గాని గంజాయి మత్తు దీనిలో లేదు. చేదునూ, సువాసననూ ఇచ్చి పానీయం చెడకుండ కాపాడుతుంది.) చల్లారిన రసానికి ఈస్టు చేర్చితే అది చక్కెరను తిని మద్యసారాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది.

గింజను వేయించిన తీరు, ఈస్టు జాతి, పులిసే వేడిమి మారినకొద్దీ బీరు స్వభావం మారుతుంది. చల్లని చోట నిదానంగా పులిసి, వారాల తరబడి ఊరేది లాగర్. మన దుకాణాలలో దొరికేది దాదాపుగా ఇదే. వెచ్చగా, త్వరగా పులిసేది ఏల్. ఐర్లండులో బార్లీని నల్లబడేదాక వేయించి చేసే స్టౌట్ రంగులోనూ చేదులోనూ కాఫీ డికాక్షన్‌ను తలపిస్తుంది. జర్మనీలోని బవేరియాలో 1516లోనే బార్లీ, హాప్స్, నీరు తప్ప బీరులో మరొకటి వేయరాదని శాసించారు. పాపం, ఈస్టు సంగతి అప్పటికి వారికి తెలియదు! బెల్జియంలో బ్రస్సెల్స్ పరిసరాలలో చేసే లాంబిక్‌కు ఈస్టును కలపనే కలపరు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టెలో రాత్రంతా తెరచి ఉంచితే గాలిలోని సూక్ష్మజీవులే దానిలో చేరతాయి. ఆపైన కొయ్య పీపాలలో ఏడాది మొదలు మూడేళ్ళవరకు ఊరుతుంది. దోసెల పిండి పులవడానికి మన గృహిణులు ఏ ఈస్టును కొని తెస్తున్నారు గనుక?

నన్ను అన్నిటికంటె ఆకర్షించినది దక్షిణాఫ్రికావారి ఉమ్‌కొంబోతి. జొన్న, మొక్కజొన్నలతో ఇంటి ఆడవారు కాచే చిక్కని, పుల్లని బీరు అది. జొన్న అనగానే మా ప్రాంతం గుర్తుకు వస్తుంది. మా ఊరి ప్రక్కనే పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు జొన్నలు, కొర్రలు, సజ్జల వంటి పాతపంటలను దశాబ్దాలుగా నిలబెడుతున్నాయి. మా జొన్న అంబలి ఆ ఆఫ్రికా పానీయానికి దాయాది. కాకపోతే అంబలిని ప్రధానంగా పులియబెట్టేవి పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు. కనుక అందులో పులుపే గాని మత్తు ఉండదు.

తెలంగాణలో చిన్న బీరు తయారీశాలలకు 2015లో నిబంధనలు ఏర్పడిన తరువాత హైదరాబాదులో అటువంటివి వెలిశాయి. నా మేనల్లుడు ఒకసారి అక్కడికి తీసుకొనిపోయాడు. తొట్ల ప్రక్కన నిలబడితే మా అమ్మ రాగిమాల్టుకు గింజలు వేయించేనాటి వాసన వచ్చింది. "ఇది రాళ్ళకు మందేనా?" అని అక్కడి తయారీదారుని అడిగాను. "దాహానికే మందు కాదు సార్, ఇది రుచి కోసం" అని నవ్వాడు. ఆ నిజాయితీ మన సలహాదారులకు లేదు.

ఇక మన శాస్త్రం ఏమంటున్నది? చరకుడు ధాన్యం, ఫలం, మూలం, పుష్పం మొదలైన 9 రకాల ద్రవ్యాలనుండి పుట్టే 84 ఆసవాలను లెక్కించాడు. ధాన్యంతో చేసేవాటిలో సుర మొదటిది. మద్యాన్ని యుక్తితో సేవిస్తే అమృతతుల్యమనీ, యుక్తి తప్పితే రోగకారణమనీ చెప్పాడు. అంటే మన పూర్వులకు మద్యం తెలియక కాదు. కాని బార్లీతో చేసిన సుర విషయంలో వాగ్భటుని తీర్పు ఇంకా సూటిగా ఉన్నది. యవసుర మలబంధకం, గురువు, రూక్షం, మూడు దోషాలనూ ప్రకోపింపజేసేది అని అష్టాంగహృదయం చెబుతున్నది. యవలకు చెప్పిన సుగుణాలను పులియబెట్టిన యవసురకు అంటగట్టలేదు. మన మిత్రులు చేస్తున్న పొరపాటు సరిగ్గా ఇక్కడే.

"మరి అరిష్టాలలో మద్యసారం లేదా?" అంటారు. ఉన్నది. గరిష్ఠంగా 12 శాతం ఉండవచ్చు. కాని అరిష్టాన్ని రోజుకు 30 నుంచి 50 మిల్లీలీటర్లు నీటితో కలిపి తీసుకుంటాము. దానిలోని మద్యసారం ఎంత ఎక్కువనుకున్నా 6 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరు ఉంటే మద్యసారం 32 మిల్లీలీటర్ల పైమాట. 8 శాతం స్ట్రాంగ్ బీరయితే 52. అంటే నాలుగు చిన్న పెగ్గుల విస్కీతో సమానం! "బీరే కదా" అనేవారు ఈ లెక్కను ఒకసారి వేసుకోవాలి.

బీరు త్రాగితే మూత్రం ఎక్కువగా వచ్చేమాట వాస్తవం. మూత్రాన్ని అదుపుచేసే హార్మోనును మద్యసారం అణచివేయడమే దానికి కారణం. ఆపైన ఒంట్లో నీరు తగ్గుతుంది. తెల్లవారుజామున మూత్రం చిక్కబడుతుంది. చిక్కని మూత్రమే రాళ్ళకు పుట్టినిల్లు. పైగా బీరులోని ప్యూరిన్లు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. అమెరికా, ఫిన్లండు దేశాల పరిశీలనలలో బీరు త్రాగేవారికి కొత్త రాళ్ళు కొంత తక్కువగా కనబడిన మాటను దాచను. కాని ఉన్న రాయి కరిగినట్లు అవి చెప్పలేదు. ఎక్కువమందిలో ఉండే కాల్షియం ఆక్సలేటు రాయిని ఏ పానీయమూ కరిగించదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలవరకు వాటంతట అవే జారిపోతాయి. ఆ సమయంలో చేతిలో బీరుసీసా ఉంటే ఘనత దానికి దక్కుతుంది.

కల్తీ కల్లు కంటె బీరు నయం కదా అన్నారొకరు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు పలువురు బలి అయిన తరువాత ఆ మాటకు బలం వచ్చింది. నయమే కావచ్చు. అంతమాత్రాన మందు అవుతుందా?

బార్లీ మీద నమ్మకం ఉన్నవారు బార్లీనే త్రాగవచ్చు. రెండు చెంచాల బార్లీని లీటరు నీటిలో మెత్తబడేదాక కాచి, వడకట్టి, నిమ్మరసం పిండుకోవాలి. నిమ్మలోని సిట్రేటు కాల్షియం రాళ్ళు పెరగకుండ తోడ్పడుతుంది. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటంతగా మంచినీరు త్రాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం వైద్యుని అడిగి పరిమాణం నిర్ణయించుకోవాలి. ఉలవకట్టును అశ్మరికి హితమని మన గ్రంథాలు చెప్పాయి. భోజనంలో భాగంగా వాడుకోవచ్చు. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఇంటివైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఆ ఇల్లాలి భర్తకు మూత్రవ్యాధుల నిపుణుడు లేజరుతో రాయిని తీసివేశాడు. ఆ పని ఒక్కరోజులో అయింది. బీరు మానడానికి మాత్రం నెలలు పట్టింది. సాయంత్రం ఏడయ్యేసరికి చేయి తనంతట తానే సీసా కోసం వెదుకుతుందని ఆయనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ వేళకు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నాడు. మా ఇంట్లో బార్లీ నీళ్ళు ఒక గ్లాసు ఎక్కువ కాస్తున్నారు.