ఇంట ద్రవసబ్బు

పట్టణములందే గాక పల్లెలయందును నేడు సబ్బుబిళ్లతో పాటు సీసాయు వెలసినది. చేతులకొకటి, పాత్రలకొకటి, పసిబిడ్డలకొకటి. వీనిలో పెక్కింటియందున్నది సబ్బే కాదు. పెట్రోలియము నుండియు పామాయిలు నుండియు కర్మాగారములలో చేసిన వేరు శుభ్రకద్రవ్యములకు నీరు చేర్చినవి. ఈ వ్యయమును తగ్గింపగోరి గృహస్థులు పలువురు సబ్బుబిళ్లను తురిమి వేడినీట కరగించుచున్నారు. మేమును చేసి చూచితిమి. తెల్లవారునప్పటికి అది బెండకాయ జిగురువలె సాగి సీసా కంఠమున నిలిచిపోయినది. దోషము చేతివాటమున లేదు. బిళ్లసబ్బు సోడాక్షారముతో చేసినది. గట్టిపడుట దాని స్వభావము. ద్రవసబ్బునకు పొటాషు క్షారము వలయును.

పొటాషు మనకు క్రొత్తది కాదు. కట్టెల బూడిదను నానబెట్టి వడగట్టిన తేటలో పొటాషియము కార్బనేటు గలదు. దానికి తడిసున్నము చేర్చినచో కాస్టిక్ పొటాషు ఏర్పడును. కాని బూడిదనీటి బలము పొయ్యిపొయ్యికిని మారును. దానిని నమ్ముకొని చర్మమును కాల్చుకొనుటకంటె తూచి అమ్మెడు పొటాషును కొనుటయే మేలని మా యభిప్రాయము.

కిలో కొబ్బరినూనెకు, నూటికి 90 పాళ్లు శుద్ధమైన పొటాషు 275 గ్రాములు, దానికి మూడురెట్లు నీరు. నూనె మారినచో తూకమును మారును. సోడాకు చెప్పిన లెక్కను పొటాషుకు వాడరాదు. అదే పనికి పొటాషు 1.4 రెట్లు కావలెను. పొటాషును నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెను గాని దానిపై నీరు పోయరాదు; పోసినచో ఒక్కపెట్టున మరిగి ముఖముపై చిందును. అల్యూమినియపు గిన్నె బొత్తిగా పనికిరాదు. క్షారము దానిని తినివేయుచు మండెడు వాయువును పుట్టించును. ఉక్కుపాత్రలో నూనెయు క్షారజలమును కలిపి, మరుగునీటి పాత్రపై నుంచి, ముద్ద తేటబారువరకు గంటల తరబడి ఉడికింపవలెను. కొంచెము ముద్దను వేడినీట వేసి చూచునది. పాలవలె తెల్లబారినచో పాకమింకను కుదరలేదు. కుదిరిన ముద్దకు ఒకటిన్నర రెట్లు వేడినీరు చేర్చి ఒక రాత్రి ఉంచినచో అయిదు కిలోల దరిదాపున ద్రవసబ్బు సిద్ధించును.

ఇంత చెప్పిన పిమ్మట ఒక్కమాట గట్టిగా చెప్పక తప్పదు. మిగిలిన క్షారజలమును త్రాగునీటి సీసాలో పోసి అటకపై నుంచుట ఘోరమైన పొరపాటు. అది చూపునకు నీటివలెనే యుండును. గ్రుక్కెడు మ్రింగిన బిడ్డ గొంతు కాలిపోవును. కంట బడిన చుక్క చూపును హరింపగలదు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు లేనిదే యీ పనికి పూనుకొనరాదు. ఒడలిపై పడినచో ధారగా నీటితో చాలసేపు కడుగవలెను. పసివారు తిరుగాడు ఇంట, వారిని దూరముగా నుంచు వీలు లేనిచో, ఈ ప్రయత్నమే మానుట వివేకము.

బోరునీరు కఠినమైన యూళ్లలో ఈ సబ్బు తెట్టెకట్టును. తలకు దీని క్షారగుణము పడదు. అట్టివారికి కుంకుడుకాయ గలదు. గింజ తీసి నానబెట్టి, ఉడికించి వడగట్టిన రసము కఠినజలమునందును నురుగునిచ్చును. రెండుమూడు దినములకే పులియును గనుక ఏనాటికానాడు చేసికొనవలెను.