కునుకు కోడిని సంతకు పంపవద్దు

పెరటిలో ఒక కోడి రెక్కలు వాల్చి కునుకుట మొదలుపెట్టినచో మన పల్లెలలో సాధారణముగా రెండు పనులలో ఒకటి జరుగును. చావకముందే దానిని కోసి కూర వండుకొందురు. లేదా, ఇంకను బాగున్న కోళ్ళతో కలిపి గంపలో పెట్టి సంతకు పంపుదురు. "పోయేదానికి నాలుగు రాళ్ళు వచ్చినవి గదా" అని తృప్తిపడుదురు. ఆ నాలుగు రాళ్ళ కొరకు ఊరి కోళ్ళన్నిటిని పణముగా ఒడ్డుచున్నామని నా అభిప్రాయము. కొక్కెర తెగులు ఒక ఊరినుండి మరియొక ఊరికి ఎక్కువగా సంత గంపలోనే ప్రయాణము చేయును. మోసికొని పోవునది మనమే.

ఈ మాట కటువుగా తోచవచ్చును. ఐదారు కోళ్ళున్న ఇంట ఒక్కటి పోవుట చిన్న నష్టము కాదు. గ్రుడ్లమ్మిన డబ్బు చాల ఇండ్లలో ఇల్లాలి చేతి డబ్బు. పిల్లల పుస్తకములకు, పండుగ ఖర్చులకు ఆమె ఎవరిని అడుగనక్కరలేని డబ్బు. అందుకే జబ్బును తొలి దినముననే కనిపెట్టుట నేర్చుకొనవలెనని చెప్పుచున్నాను.

కోడి తన జబ్బును చేతనైనంతవరకు దాచుకొనును. గుంపులో నీరసించిన దానిని తక్కిన కోళ్ళు పొడుచును. గ్రద్దకు, పిల్లికి అదే ముందు చిక్కును. కావున మీ కంటికి కునుకుచు కనబడినదనగా జబ్బు కొంత ముదిరినదన్నమాటే. తెల్లవారి గంప ఎత్తునప్పుడు, సాయంకాలము కోళ్ళను కమ్మునప్పుడు కొంచెము నిలిచి చూడుడు. నూకలు చల్లినపుడు పరుగెత్తి రానిది ఏది? మెడ క్రింది మేత తిత్తిని వ్రేళ్ళతో తాకి చూడుడు. సాయంకాలము అది నిండుగాను, ఉదయము ఖాళీగాను ఉండవలెను. ఉదయము కూడ గట్టి ముద్దవలె తగిలినచో మేత క్రిందికి దిగుట లేదు. జుట్టు పాలిపోయినచో కడుపులో ఏలిక పాములో, రాత్రివేళ రక్తము పీల్చు గోమార్లో కారణము కావచ్చును. రాత్రి దీపము పట్టుకొని గూటి గోడ నెర్రెలలో వెదకిన గోమార్లు దొరకును. జుట్టు నీలముగా నల్లబడుట మిక్కిలి ప్రమాద సూచన. ఇక రెట్ట సంగతి. అప్పుడప్పుడు గోధుమరంగు జిగురు రెట్ట వేయుట సహజమే, దానికి బెదరవద్దు. పచ్చని నీళ్ళ పారుడు, నెత్తురు కలసిన రెట్ట సహజములు కావు. ముఖ్యముగా కోడిపిల్లలలో నెత్తురు పారుడు కాక్సిడియోసిస్ వలన వచ్చును. దానికి మందు కలదు, ఆలస్యము చేయకున్న పిల్లలు దక్కును.

అనవసరపు భయమును కూడ విడువవలెను. పొదుగుడుకు వచ్చిన పెట్ట ఈకలు ఉబ్బించి ముద్దగా కూర్చుండును, మేత తగ్గించును. దగ్గరకు పోయిన గుర్రుమని పొడుచును. అది జబ్బు కాదు. నడివేసవి మధ్యాహ్నము నోరు తెరచి రొప్పుట వేడివలన కావచ్చును; నీడ, చల్లని నీరు ఇచ్చిన తగ్గును. కాని చల్లని వేకువ జామున మెడ చాచి, నోరు తెరచి, గురకతో ఊపిరి తీయు కోడిని చూచినచో తాత్సారము చేయరాదు. దానితోపాటు తెలుపు, ఆకుపచ్చ కలసిన పారుడు, రెక్కలు కాళ్ళు పడిపోవుట, మెడ మెలితిరుగుట కనబడినచో అది కొక్కెర తెగులేయని అనుమానింపవలెను. 1920ల చివర కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో దీనిని గుర్తించుటచే దీనికి రాణిఖేత్ వ్యాధి అని పేరు కలిగినది. ఇది వైరస్ వలన వచ్చును. సోకిన పిదప నయము చేయు మందు లేదు. మనుషుల మందుల దుకాణములో బిళ్ళ కొని, సగము విరిచి కోడిచేత మ్రింగించువారు కలరు. అట్టి బిళ్ళ వైరస్‌ను చంపదు; గ్రుడ్డు ద్వారా మీ పిల్లల కంచములోనికి మాత్రము రాగలదు. వెల్లుల్లి, పసుపు పెట్టువారిని నేను తప్పుపట్టను. వాటిని నమ్ముకొని జబ్బు కోడిని గుంపులోనే తిరుగనిచ్చుట తప్పు.

గుర్తు కనబడిన క్షణమున ఆ కోడిని వేరొక గంప క్రింద, దూరముగా, గాలి సోకు నీడలో ఉంచవలెను. దాని నీళ్ళ మూకుడు వేరు. ముందు మంచి కోళ్ళకు మేత వేసి, ఆ పిదప జబ్బు కోడి వద్దకు పోయి, చేతులు కాళ్ళు సబ్బుతో కడుగుకొనవలెను. పశువైద్యశాలకు కబురు చేయవలెను. చచ్చినచో పెంటకుప్పపై విసరవద్దు. కాకియు కుక్కయు దానిని ఊరంతటికి పంచును. లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. సంతనుండి తెచ్చిన క్రొత్త కోడిని పదునైదు దినములు వేరుగా ఉంచి గాని మీ కోళ్ళలో కలుపరాదు.

అనేక కోళ్ళు ఒక్కసారిగా చచ్చుచున్నచో వాటిని ముట్టనే వద్దు, కోయనే వద్దు. వెంటనే అధికారులకు తెలుపుడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బయటపడిన పక్షిజ్వరము మనుషులకు కూడ సోకగల జాతి జబ్బు.

కొక్కెర తెగులుకు టీకా ఒక్కటే రక్షణ. పుట్టిన ఐదు మొదలు ఏడు దినములలో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. ఆరు నుండి ఎనిమిది వారముల మధ్య రెక్క క్రింద చర్మములో అర మిల్లీలీటరు. ఇది చాల కాలముగా చెప్పుచున్నదే. అయినను పెరటి కోళ్ళకు అందుట లేదేమి? చిన్న బుడ్డి కూడ సాధారణముగా 100 కోళ్ళకు సరిపడును. మందు కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడివేయవలెను. ఆరు కోళ్ళున్న ఇల్లాలు ఒక్కతే దానిని కొని ఏమి చేయును? కావున వీధిలోని ఇరువది ఇండ్లవారు కలియవలెను. స్త్రీల పొదుపు సంఘము పూనుకొన్నచో ఒక్క ఉదయములో పని ముగియును. ముందు వారము ఏలిక పాముల మందు పట్టించి, ఒక దినము నిర్ణయించుకొని, పశువైద్య సిబ్బందిని పిలిచి, తెల్లవారకముందే గంపలు ఎత్తకుండ ఉంచుడు. బుడ్డిని మంచుగడ్డలో పెట్టి తేవలెను. ఎండ తగిలిన మందు పాడగును. కునుకు కోళ్ళకు టీకా వేయరాదు. వేసిన దినముననే రక్షణ రాదు, వారము పది దినములు పట్టును. తెగులు వేసవిలో విజృంభించును గనుక సంక్రాంతి ముగిసిన వెంటనే ఈ పని పెట్టుకొనుట మేలు. ఏ ఇంటి కోళ్ళు ఎన్నింటికి, ఏ తేదీన వేసినారో ఒక కాగితముపై వ్రాసి సంఘము వద్ద ఉంచుడు. ఆరు నెలల పిమ్మట మరల వేయించునపుడు దానితో అవసరము పడును.