పిడికెడు బియ్యము

ఎసటిలో పోయుటకు బియ్యము చేటలోనికి తీసిన పిదప, అందుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయు ఆచారము మన తెలుగు క్రైస్తవ గృహములలో ననేకముల యందు కలదు. ఆ కుండ నిండినప్పుడు బియ్యము గుడికి చేరును. క్రీస్తునందు నూతన జీవితమనగా నేమని యెవరైన నడిగినచో మాకు మొదట ఆ కుండయే జ్ఞప్తికి వచ్చును.

వరంగల్లునుండి బెజవాడకు పోవు రైలుమార్గమున డోర్నకలను కూడలి స్టేషను కలదు. ఆ యూరు నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనే యుండెను. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో తిరునల్వేలి సీమను విడిచి యచ్చటికి వచ్చిరి. వారి మాతృభాష తమిళము. ముప్పదియైదేండ్ల యీడున తెలుగు నేర్వవలసి వచ్చెను. (ఆ యీడున ఓనమాలకు కూర్చుండుట యెంత కష్టమో, ఇంట పిల్లలకు చదువు చెప్పు మీకు మేము చెప్పనక్కరలేదు.) 1912లో వారు డోర్నకలు బిషప్పు అయిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన భారతీయులలో వారే ప్రథములు. వారి ధర్మపత్ని అన్బు మరియమ్మగారు, దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలివారిలో నొకరు. ఆమె పల్లెస్త్రీల నడుమ పనిచేసిరి.

ఆ సంఘములో చేరినవారిలో పెక్కురు మాలలు, మాదిగలు. ఒకరి పొలమున కూలిచేసి, ఒకరి వాకిట చేయిచాచి బ్రదికినవారు. జ్ఞానస్నానము పొందినవారిచేత అజరయ్యగారు వారి చేతిని వారి తలపైననే యుంచించి, సువార్త చెప్పుట ఇకమీదట తమ విధియని పలికించెడివారు. నిన్నటివరకు ఆజ్ఞలు వినుటయే కాని మాట చెప్పుట యెరుగనివారికి ఇది యెంత క్రొత్త సంగతియో యోచింపుడు! అంతమాత్రమున అంతయు మారెనని మేమనము. మాల మాదిగల నడుమ వైరము ఒక్కనాటి స్నానముతో కడిగివేయబడలేదు.

తిండికొరకే వీరు మతము మారిరను నింద యానాడు మిక్కుటముగ నుండెను. గాంధీమహాత్ముడును ఇట్టి సామూహిక మతాంతరములను శంకించెను. ఆ విషయమున ఆయనకును అజరయ్యగారికిని 1930 తరువాతి యేండ్లలో గట్టి భేదాభిప్రాయము కలిగెను. ఇరువురును దేశభక్తులే. ఆ వాదమును తీర్చుట మా పత్రికకు తగిన పని కాదు. వంటింటి సంగతి యెరిగిన స్త్రీలముగ ఒక్క మాట మాత్రము చెప్పగలము. పుచ్చుకొనుటకు వచ్చిరని లోకమనిన యిండ్లలోనే యాడువారు పూటపూటకు పిడికెడు తీసి యిచ్చుచుండిరి. బియ్యము లేని యింట జొన్నలే తీయుదురు. ఇచ్చుటకు మాయొద్దను కలదు అను తలంపు, పొయ్యిముందు కూర్చున్నప్పుడే పుట్టెను. దాన ధర్మములు కలవారి సొత్తని వినుచు పెరిగిన స్త్రీకి ఇది చిన్న జన్మాంతరము కాదా?

1939 జనవరి 6న డోర్నకలులో పెద్ద దేవాలయము ప్రతిష్ఠింపబడెను. హిందూ, మహమ్మదీయ శిల్పరీతులును అందు కలిసియున్నవి. అజరయ్యగారు 1945 జనవరి 1న ఆ యూరనే కన్నుమూసిరి. నేడును యాత్రికులు వచ్చి ఆ స్తంభములను, గుమ్మటములను చూచి పోవుదురు.

మా మనసు మాత్రము వానలు తప్పిన యేటి యొక పూట మీదికే పోవును. చేటలోనిది నలుగురికి చాలదు. పిల్లవాడు కొంగు పట్టుకొని చూచుచున్నాడు. ఆమె చేయి కుండవైపు పోయెనా, ఆగెనా? సంఘపు లెక్కలలో బియ్యపు కొలత యుండును గాని ఆ పూట సంగతి యుండదు.