ఆకు పచ్చబడితే చాలునా?

ఎరువు వేయగానే ఆకు ముదురుపచ్చగా మారుతుంది. పత్రహరితంలో నత్రజని ఉంటుంది కనుక అది సహజమే. అయితే “పచ్చదనమే నేలకు ఆరోగ్యం” అని మీలో చాలామంది వ్రాస్తుంటారు. నేను దానికి ఒప్పుకోను.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో ఒక గడ్డిమైదానం ఉంది. 1856లో లాస్, గిల్బర్ట్ అనే శాస్త్రజ్ఞులు దానిని భాగాలుగా విభజించి, కొన్నింటికి ఎరువులు వేశారు. కొన్నింటిని ఊరక వదిలారు. ఆ ప్రయోగం నేటికీ సాగుతోంది. ఎరువు వేయనిచోట ముప్పైకి పైగా జాతుల మొక్కలు కలిసి బ్రతుకుతున్నాయి. నత్రజని ఎక్కువగా వేసినచోట గడ్డి ఏపుగా పెరిగింది, జాతులు మాత్రం తగ్గిపోయాయి. అమ్మోనియం సల్ఫేటు బాగా పడి నేల ఆమ్లంగా మారినచోట రెండు మూడే మిగిలాయి!

ఆమ్లం ఒక్కటే కారణం కాదు. ఏపుగా పెరిగిన గడ్డి ఆకులు క్రింది చిన్న మొక్కలకు వెలుతురు అందనివ్వవు. 2009లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఎరువు వేసిన గడ్డి అడుగున దీపాలు అమర్చగా చిన్న మొక్కలు నిలిచాయి.

వరిమడికి ఎరువు కావాలి, కాదనను. అక్కడ మనకు కావలసింది ఒకే పంట. పచ్చికబయలు అటువంటిది కాదు. అక్కడ ఆకు రంగు చూసి తృప్తిపడకండి. దాని నీడలో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టండి.